దేవుడి ప్రస్తావన లేకుండా పదిమందీ కలిసే చోటు: ఒక లౌకిక కూడలిని నెలకొల్పే పద్ధతి

ప్రార్థనా మందిరానికి వెళ్లడం మానుకున్నవారు దేవుణ్ణి మాత్రమే వదులుకోరు. ప్రతి వారం ఒకే వేళకు ఒకే గడప దాటి వచ్చే ముఖాలను, "పోయిన వారం కనబడలేదేం, ఒంట్లో బాగుందా" అని అడిగే గొంతును, ఇంట్లో చావు జరిగితే పిలవకుండానే వచ్చి నిలబడే మనుషులను కూడా వదులుకుంటారు. విశ్వాసాన్ని విడిచిపెట్టడం చాలామంది ఏళ్ల తరబడి ఆలోచించి చేసే పని. ఈ రెండో నష్టం మాత్రం ఎవరూ ఎంచుకుని తెచ్చుకునేది కాదు. ఏదో ఒక కష్టం వచ్చి, ఎవరిని పిలవాలో తోచనినాడు గాని అది తెలిసిరాదు.

ఈ నష్టం ఎక్కడ జరుగుతుందో చూపిన పరిశోధన ఒకటుంది. అమెరికాలో మతానికీ జీవిత సంతృప్తికీ ఉన్న సంబంధాన్ని పరిశీలించి చైయూన్ లిమ్, రాబర్ట్ పుట్నమ్ 2010లో ఒక వ్యాసం ప్రచురించారు. క్రమం తప్పక ప్రార్థనకు వెళ్లేవారిలో కనిపించే అదనపు సంతృప్తికి ప్రధాన కారణం ఆ మందిరంలో ఏర్పడిన స్నేహాలేనని, తరచుగా వెళ్తున్నా అక్కడ మిత్రులు లేనివారిలో ఆ సంతృప్తి కనబడలేదని వారు తేల్చారు. వారు చెప్పిన మరో మాట కూడా ముఖ్యమైనదే: మిత్రులుంటే చాలదు, ఆ మిత్రులందరినీ కలిపి "మనం" అనిపించే ఉమ్మడి గుర్తింపు కూడా ఉండాలి. ఈ రెండూ దైవం లేకుండా సాధ్యమేనా అన్నదే మన ముందున్న ప్రశ్న. సాధ్యమేనని నా దృఢమైన అభిప్రాయం. అయితే అది భవనంతో కాక నియమంతో మొదలవ్వాలి. అందుకే కింది మెట్లలో చోటు నాలుగవదిగా వస్తుంది.

మొదటి మెట్టు: ఏం పోయిందో రాసుకోవడం

ఒక కాగితం తీసుకుని, ప్రార్థనా మందిరం తన సభ్యులకు చేసే పనులన్నింటినీ రాయండి. వారానికొకసారి కలిపే పని ఉంది. ఏమీ కొనకుండా, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా కాసేపు మౌనంగా కూర్చోనిచ్చే పని ఉంది. అయిదేళ్ల పిల్లను, ఎనభై ఏళ్ల పెద్దాయనను ఒకే గదిలో కూర్చోబెట్టడం, నలుగురితో కలిసి పాడించడం, పుట్టుకకు, పెళ్లికి, మరణానికి ఒక రూపం ఇవ్వడం, జబ్బుపడినవారిని చూసిరావడం, ఊరికి కొత్తగా వచ్చినవారికి మొదటి పరిచయాలు కల్పించడం, విపత్తు వచ్చినప్పుడు తలుపులు తెరిచి నీడనివ్వడం కూడా అది చేసేవే. ఈ పట్టిక రాస్తున్నప్పుడు అందులో దైవంతో విడదీయలేనివి ఎన్ని తక్కువో చూసి ఆశ్చర్యపోతారు.

తర్వాత, వీటిలో మీ చుట్టుపక్కల ఇప్పటికే దొరుకుతున్నవాటికి గుర్తు పెట్టుకోండి. ఇల్లు, పని చేసే చోటు కాకుండా మనుషులు తీరికగా కలిసే చోట్లను సామాజిక శాస్త్రవేత్త రే ఓల్డెన్‌బర్గ్ 1989లో "మూడో చోటు" అని పేర్కొన్నారు. టీ దుకాణం, గ్రంథాలయం, క్షౌరశాల, ఆటస్థలం అన్నీ ఆ కోవలోకి వస్తాయి. అవి ఉండటం మంచిదే. అయితే టీ దుకాణంలో మీరు నెలరోజులు కనబడకపోతే ఆరా తీయవలసిన బాధ్యత ఎవరికీ లేదు. గ్రంథాలయం అందరికీ ఉచితమే గాని, అక్కడ ఎవరూ మిమ్మల్ని పక్కవారికి పరిచయం చేయరు. గుర్తు పడని అంశాలే మీ కూడలి చేయవలసిన పని.

ఇది సరదా కోసం చేసే పని అనుకోకూడదు. 1995 జూలైలో షికాగో నగరంలో వచ్చిన వడగాలులకు 700 మందికి పైగా చనిపోయారు. ఆ మరణాలను పరిశీలించిన ఎరిక్ క్లైనెన్‌బర్గ్, పేదరికంలో దాదాపు సమానంగా ఉన్న ఇరుగు పొరుగు పేటల్లో కూడా మరణాల రేటు ఎంతో తేడాగా ఉందని, మనుషులు వీధిలోకి వచ్చి ఒకరినొకరు కలుసుకునే చోట్లు బతికి ఉన్న పేటల్లో ఒంటరి వృద్ధులు ఎక్కువగా దక్కారని చూపారు. తలుపు తట్టేవారున్నవారు బతికారు.

ఈ మెట్టు దగ్గరే చేయకూడని పని కూడా ఒకటి చెప్పాలి: మతం రూపురేఖలను ఉన్నవున్నట్టు దించుకోవద్దు. ఫ్రెంచ్ విప్లవకారులు 1793 నవంబరులో పారిస్‌లోని నోత్రదామ్ చర్చిని హేతు దేవాలయంగా మార్చి ఉత్సవం చేశారు. పైనుంచి ఆజ్ఞగా దిగిన ఆ ఆరాధన కొద్ది నెలలకే అడుగంటింది. తర్వాత ఫ్రెంచ్ తత్వవేత్త ఆగస్ట్ కామ్టే, దేవుడికి బదులు మానవజాతిని ఆరాధించే మానవతా మతాన్ని ప్రతిపాదించి, ఏడాదికి 28 రోజుల చొప్పున 13 నెలలు ఉండే పంచాంగాన్ని తయారుచేసి, నెలలకూ రోజులకూ మహనీయుల పేర్లు పెట్టారు. బ్రెజిల్‌లో దానికి మందిరం కూడా వెలిసింది గాని, జనజీవితంలో అది వేళ్లూనలేదు. ఒక ఆచారం నిలబడాలంటే దాన్ని పాటించేవారి అవసరంలోంచి అది పుట్టాలి. కాగితం మీద ముందే పూర్తయిన పంచాంగం అలా పుట్టదు.

రెండవ మెట్టు: మొదటి పదిమంది, ఒక పేరా

ప్రకటనతో మొదలుపెట్టవద్దు. ఏడుగురి నుంచి పన్నెండుగురి వరకు మనుషులను ఒక్కొక్కరిగా, వీలైతే వారి ఇంటికే వెళ్లి కలవండి. ప్రతి ఒక్కరినీ మూడు ప్రశ్నలు అడిగి, జవాబు పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకుండా వినండి. కష్టంలో ఉన్నప్పుడు మీరు చివరిసారి ఎవరిని పిలిచారు? మీ పిల్లలు తమ బంధువులు కాని పెద్దవాళ్లతో ఎప్పుడు మాట్లాడతారు? వారంలో ఏ గంటను మీరు ఇతరులకు ఇవ్వగలరు? ఈ మూడో ప్రశ్నకు వచ్చే జవాబే ఎవరు నిజంగా నిలబడతారో చెబుతుంది.

ఈ పదిమందీ ఒకే వయసువారు, ఒకే వృత్తివారు, ఒకే స్నేహబృందంవారు కాకుండా చూసుకోవాలి. లౌకిక సంఘాలు ఎక్కువగా చదువుకున్న మధ్యవయసు పురుషుల చర్చా వేదికలుగా మారి అక్కడే ఆగిపోవడానికి మొదటి సమావేశంలో కూర్చున్నవారి కూర్పే చాలావరకు కారణం. మొదటి పదిమందిలో పసిపిల్లల తల్లి ఒకరైనా, అరవై దాటినవారు ఒకరైనా, మాటలకంటే చేతి పనిని ఇష్టపడేవారు ఒకరైనా ఉండేదాకా ఆగడం మేలు.

అందరూ కూడాక ఒక పేరా రాయండి. మనం ఎవరం, ఎందుకు కలుస్తున్నాం, ఎవరు రావచ్చు అన్నవి అందులో ఉండాలి. ఏమి నమ్మమో చెప్పే వాక్యాలు అందులో వద్దు. ఒకదాన్ని వ్యతిరేకించడానికి కలిసినవారికి ఆ వ్యతిరేకత చల్లబడగానే కలిసే కారణం ఉండదు. 1876లో న్యూయార్క్‌లో ఫెలిక్స్ ఆడ్లర్ నైతిక సంస్కృతి సంఘాన్ని స్థాపించినప్పుడు, నమ్మకాల మీద ఏకాభిప్రాయం అవసరం లేదు, ఆచరణలో కలిస్తే చాలునన్నారు. ఆ మాటకు తగ్గట్టే ఆ సంఘం మొదటి కొన్నేళ్లలోనే పేద పిల్లలకు ఉచిత శిశు పాఠశాలను, ఇళ్లకు వెళ్లి రోగులను చూసే నర్సుల సేవను నడిపింది. ఆ సంఘం నేటికీ ఉంది.

ఆస్తికులు రావచ్చా అన్న ప్రశ్న తప్పక వస్తుంది. రావచ్చని రాయండి. భార్య నమ్మి, భర్త నమ్మని ఇళ్లు ఎన్నో ఉంటాయి. అటువంటి ఇంటి నుంచి ఇద్దరూ కలిసి రాగలిగిన చోటే నిజంగా అందరిదవుతుంది. సభా సమయంలో ప్రార్థన గాని, మత ప్రచారం గాని, మత నింద గాని ఉండవన్న ఒక్క షరతు చాలు.

మూడవ మెట్టు: రోజు, గంట

ఈ మార్గదర్శిలో ఒకే ఒక్క మెట్టును గుర్తుంచుకోగలిగితే దీన్నే గుర్తుంచుకోమంటాను. పరిచయస్తులు స్నేహితులుగా మారడానికి ఎంత సమయం పడుతుందో జెఫ్రీ హాల్ 2018లో ప్రచురించిన అధ్యయనంలో అంచనా వేశారు. మామూలు స్నేహం కుదరడానికి కలిసి గడిపిన సమయం దాదాపు 50 గంటలు, గట్టి స్నేహానికి దాదాపు 90 గంటలు, ఆప్తమిత్రులు కావడానికి 200 గంటలకు పైగా కావాలని ఆయన లెక్క. దీన్ని మీ కూడలికి అన్వయించి చూడండి. వారానికి రెండు గంటలు కలిస్తే 25 వారాల్లో, అంటే ఆరు నెలల్లోపే మొదటి గడప దాటుతారు. నెలకొకసారి కలిస్తే అదే గడపకు రెండేళ్లు పడుతుంది, మధ్యలో రెండుసార్లు రాలేకపోతే ఇంకా ఎక్కువ. నెలకొకసారి కలిసే సంఘాలు ఎన్నేళ్లయినా ఉపన్యాస వేదికలుగానే మిగలడంలో వింత లేదు.

కాబట్టి వారానికొకసారి కలవాలి, అదీ ఒకే రోజున, ఒకే గంటకు. "ఈసారి ఎప్పుడు పెట్టుకుందాం" అని ప్రతిసారీ అడిగి తేదీ నిర్ణయించే పద్ధతి పెట్టుకుంటే మూడో నెలకు కూడలి ఆగిపోతుంది, ఎందుకంటే అందరికీ కుదిరే తేదీ ఏనాడూ ఉండదు. రోజు మారకపోతే ఈ వారం రానివారికి వచ్చే వారం ఎక్కడికి రావాలో అడగకుండానే తెలుస్తుంది. వర్షం పడినా, పండుగ వచ్చినా, వక్త రాకపోయినా, ముగ్గురే వచ్చినా సభ జరగాలి. ఆ ముగ్గురూ కూర్చుని టీ తాగి, రానివారికి ఫోన్ చేసి వెళ్లినా అది జరిగిన సభే. నేను పాలుపంచుకున్న ఒక చిన్న బృందంలో, నలుగురే వచ్చిన ఒక వానాకాలపు సాయంత్రం తర్వాతే మేము నిజంగా ఒకరికొకరం తెలిశామని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

పని వారం, పిల్లల బడి వేళలు, రాత్రి విధుల్లో ఉండేవారి నిద్ర వేళలు చూసుకుని గంట నిర్ణయించండి. నిర్ణయించాక కనీసం ఏడాదిపాటు దాన్ని చర్చకు పెట్టవద్దు.

నాలుగవ మెట్టు: చోటు

మొదటి ఏడాది చోటును అరువు తెచ్చుకోవడమే వివేకం. పాఠశాల గది, గ్రంథాలయపు హాలు, కార్మిక సంఘ కార్యాలయం, నివాస సముదాయపు ఉమ్మడి గది, సెలవురోజున ఖాళీగా ఉండే శిక్షణ కేంద్రం వంటివి చూడండి. ఎవరి ఇంట్లోనైనా పెట్టుకోవడం మొదటి రెండు నెలలకు మించకూడదు. ఇంటివారికి అతిథి మర్యాదల భారం పడుతుంది, కొత్తవారికి పరాయి ఇంటి తలుపు తట్టాలంటే సంకోచం కలుగుతుంది.

చోటు చూడటానికి వెళ్లినప్పుడు కింది విషయాలను అక్కడే నిలబడి పరీక్షించండి. వీధిలోంచి చూస్తే లోపల ఏం జరుగుతోందో తెలియాలి, తలుపు తెరిచి ఉందని కనబడాలి. చక్రాల కుర్చీలో వచ్చేవారికి మెట్లు అడ్డు కాకూడదు. వాలుబాట ఉంటే ఒక అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవు ఉండాలి, తలుపు కనీసం 80 సెంటీమీటర్ల వెడల్పు తెరుచుకోవాలి. మరుగుదొడ్డి అదే అంతస్తులో ఉండాలి. గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టండి; ప్రతిధ్వని వినబడితే వినికిడి తగ్గిన వృద్ధులకు అక్కడ ఒక్క మాటా అర్థం కాదు, గోడలకు మందపాటి తెరలు గాని నేల మీద తివాచీలు గాని వేయవలసి ఉంటుంది. కుర్చీలు గుండ్రంగా వేస్తే ఒక్కొక్కరికి ఒకటిన్నర నుంచి రెండు చదరపు మీటర్ల చోటు కావాలి కాబట్టి, 30 మందికి 45 నుంచి 60 చదరపు మీటర్ల గది సరిపోతుంది. అంతకంటే చాలా పెద్ద హాలు ఉచితంగా దొరికినా తీసుకోవద్దు. ఇరవైమంది నిండుగా కూర్చున్న చిన్న గదిలో ఉత్సాహం ఉంటుంది. అదే ఇరవైమంది పెద్ద హాలులో ఓడిపోయినవారిలా కనబడతారు.

రెండు వసతుల విషయంలో మాత్రం రాజీ పడకండి. మొదటిది పొయ్యి, నీళ్లు, కడుక్కునే తొట్టి ఉన్న చిన్న వంటగది. మనుషులు సభలో కంటే గిన్నెలు కడిగేచోట ఎక్కువగా మనసు విప్పుతారు. రెండోది పక్కనే తలుపు వేసుకోగలిగిన ఒక చిన్న గది. ఏడ్చేవారికి, పాలిచ్చే తల్లికి, ఏమీ మాట్లాడకుండా కూర్చోవాలనుకునేవారికి, ఒక్కరితో మాత్రమే చెప్పుకోవలసిన కష్టం ఉన్నవారికి అది కావాలి. ప్రార్థనా మందిరాల్లో మనుషులు కోరుకునే నిశ్శబ్దాన్ని ఈ గదే ఇస్తుంది. అందులో ఏ చిహ్నాలూ వద్దు. ఒక కిటికీ, రెండు మూడు కుర్చీలు, మెత్తని వెలుతురు చాలు.

సొంత భవనం గురించి అయిదేళ్ల దాకా ఆలోచించవలసిన అవసరం ఉండదు. లండన్‌లోని కాన్వే హాలు చరిత్ర ఇక్కడ చెప్పుకోదగినది. పద్దెనిమిదో శతాబ్ది చివర అధికారిక చర్చితో విభేదించిన ఒక క్రైస్తవ సంఘంగా మొదలైనవారు మెల్లమెల్లగా దైవభావనను వదిలి, 1888లో నైతిక సంఘంగా పేరు మార్చుకుని, 1929లో ఆ హాలును కట్టుకున్నారు. సంఘం పుట్టిన శతాబ్దానికి పైగా తర్వాత ఆ భవనం వచ్చింది. ఉపన్యాసాలతోపాటు ఆదివారపు సంగీత కచేరీలకు అది నేటికీ నెలవు.

ఐదవ మెట్టు: సభ నడిచే తీరు

సభకు ఒక క్రమం ఉండాలి, ఆ క్రమం ప్రతివారం ఒకటే కావాలి. కొత్తదనం విషయంలో ఉండాలి గాని రూపంలో ఉండకూడదు. తర్వాత ఏం జరుగుతుందో తెలిసినప్పుడే మనసు కుదురుకుంటుంది. మొత్తం 75 నిమిషాలు, ఆపైన తీరిక సమయం పెట్టుకోవడం నాకు సరైనదిగా తోస్తుంది.

సభకు 20 నిమిషాల ముందే ఇద్దరు తలుపు దగ్గర ఉండాలి. వారి పని పేరు అడగడం, చేయి పట్టుకుని లోపలికి తీసుకువెళ్లి ఒకరి పక్కన కూర్చోబెట్టి ఆ ఇద్దరినీ పరిచయం చేయడం. సభ మొదలవగానే కలిసి పాడాలి. ఈ మాట అనగానే చాలామంది హేతువాదులు ఇబ్బందిపడతారు, అయినా పట్టుబట్టండి. ఐలునెడ్ పియర్స్, జాక్ లోనే, రాబిన్ డన్బార్ 2015లో ప్రచురించిన అధ్యయనంలో ఏడు నెలలపాటు నడిచిన వయోజన తరగతులను పోల్చి చూస్తే, పాటల తరగతుల్లోవారు చేతిపనుల, రచనా తరగతుల్లోవారికంటే చాలా త్వరగా ఒకరికొకరు దగ్గరయ్యారు. చివరికి అందరూ సమానంగానే దగ్గరయ్యారు గాని, పాట మొదటి బిడియాన్ని ముందే తీసేసింది. కొత్తవారు నిలుస్తారా లేదా అన్నది మొదటి రెండు మూడు వారాల్లోనే తేలిపోతుంది కాబట్టి ఈ తేడా మనకు చాలా విలువైనది. గొంతు బాగుండనక్కర్లేదు, పదాలు అందరికీ తెలిసి ఉంటే చాలు.

పాట తర్వాత అయిదు నిమిషాలు గడిచిన వారపు ముచ్చట్లు: ఎవరింట పాప పుట్టింది, ఎవరికి ఉద్యోగం పోయింది, ఎవరు ఆసుపత్రిలో ఉన్నారు. తర్వాత ఒకరు 15 నుంచి 20 నిమిషాలు మాట్లాడాలి. మూడు ప్రసంగాల్లో రెండింటిని సభ్యులే ఇవ్వాలన్నది నియమంగా పెట్టుకోండి. ముప్ఫై ఏళ్లు రైలు నడిపిన మనిషి రాత్రిపూట ఒంటరిగా ఏం ఆలోచించేవాడో చెబితే, బయటి పండితుడి ప్రసంగం కంటే అది ఎక్కువకాలం గుర్తుంటుంది. మతాన్ని విమర్శించే ప్రసంగాలు ఏడాదికి ఒకటి రెండుకు మించనివ్వకండి. వాటికి వేరే వేదికలున్నాయి.

ప్రసంగం ముగిశాక వెంటనే ప్రశ్నలకు దిగకుండా మూడు నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. మొదట్లో అది చాలా పొడవుగా అనిపిస్తుంది, రెండు నెలల తర్వాత దానికోసమే వచ్చేవారు ఉంటారు. ఆపైన నలుగురేసి చొప్పున చిన్న బృందాలుగా విడిపోయి పది పదిహేను నిమిషాలు మాట్లాడుకోవాలి, ఎందుకంటే పెద్ద సభలో ప్రశ్నలడిగేది ఎప్పుడూ ఆ ముగ్గురే. చివర మళ్లీ ఒక పాట, ప్రకటనలు, టీ.

పిల్లలను వేరే గదిలోకి పంపేయకండి. మొదటి పాటకు, ముచ్చట్లకు వారు అందరితో ఉండి, ప్రసంగ సమయంలో మాత్రం ఇద్దరు పెద్దల పర్యవేక్షణలో పక్కకు వెళ్లి, చివరి పాటకు తిరిగి రావాలి. ఏ పెద్దమనిషీ ఒంటరిగా పిల్లలతో ఉండకూడదన్నది మినహాయింపు లేని నియమం.

ఆరవ మెట్టు: ప్రతి ఒక్కరికీ ఒక పని

మూడుసార్లు వచ్చినవారికి నాలుగోసారి ఒక పని అప్పగించాలి. కుర్చీలు వేయడం, తాళం తీయడం, టీ కాచడం, పాటల కాగితాలు పంచడం, రానివారికి ఫోన్ చేయడం, ఏదైనా సరే. మొహమాటం కొద్దీ కొత్తవారిని అతిథులుగా కూర్చోబెడితే వారు అతిథులుగానే ఉండి, ఒకనాడు అతిథుల్లాగే సెలవు తీసుకుంటారు. తాళం చెవి చేతిలో ఉన్న మనిషి మాత్రం తాను రాకపోతే తలుపు తెరుచుకోదని తెలుసు కాబట్టి వస్తారు. ఏ పనీ ఒకే మనిషి దగ్గర ఆరు నెలలు దాటి ఉండకూడదు.

మాటలతో కాక పనితోనే దగ్గరయ్యేవారు కొందరుంటారు. 1990లలో ఆస్ట్రేలియాలో మొదలైన పురుషుల షెడ్లు ఈ సూక్ష్మాన్ని బాగా పట్టుకున్నాయి. ఉద్యోగ విరమణ చేసిన మగవారు అక్కడ చెక్కపని, మరమ్మతులు చేస్తూ పక్కపక్కన నిలబడి, ఎదురెదురుగా కూర్చుంటే నోరు విప్పని విషయాలు మాట్లాడుకుంటారు. అందువల్ల నెలలో ఒక వారం సభ తర్వాత తోటపనో, పాడైన సామాన్ల మరమ్మతో, ఉమ్మడి వంటో పెట్టుకోండి. కలిసి తినడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి: 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించిన గోరా, సరస్వతీ గోరా పౌర్ణమి రాత్రుల్లో కులమతాల ఎంపిక లేని సహపంక్తి భోజనాలు జరిపించారు. ఒకే పంక్తిలో కూర్చోవడమే అక్కడ ఉపన్యాసం.

మీరు పెట్టే ప్రతి నియమానికీ కారణం చెప్పగలగాలి. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలోని 83 సామూహిక ఆవాసాలను రిచర్డ్ సోసిస్, ఎరిక్ బ్రెస్లర్ 2003లో పోల్చి చూసినప్పుడు, త్యాగాన్ని కోరే నియమాలు ఎక్కువగా ఉన్న మత ఆవాసాలు ఎక్కువకాలం నిలిచాయి గాని, లౌకిక ఆవాసాల్లో అటువంటి నియమాలు ఆయుష్షును పెంచలేదు. దైవాజ్ఞ అన్న ఒక్క మాటతో మతం తీర్చే ప్రశ్నకు మనం ప్రతిసారీ జవాబివ్వాలి. అది బరువే, మోయక తప్పదు.

ఏడవ మెట్టు: పుట్టుక, పెళ్లి, మరణం

నమ్మకం లేనివారు కూడా తిరిగి మందిరం గడప తొక్కేది ఈ మూడు సందర్భాల్లోనే. వాటికి మీ దగ్గర సిద్ధంగా రూపం లేకపోతే మిగిలిన పనంతా సగమే. ముగ్గురు నలుగురిని ఎంచుకుని, ఈ వేడుకలను నడిపే శిక్షణ వారు పొందేలా చూడండి. చాలా దేశాల్లోని మానవవాద సంఘాలు, అంటే దైవం ప్రమేయం లేకుండా మానవ విలువల మీదే నడిచే సంఘాలు, ఇటువంటి నిర్వాహకులకు శిక్షణనిస్తాయి. స్కాట్లాండ్‌లో 2005 నుంచి మానవవాద నిర్వాహకులు జరిపించే పెళ్లికి చట్టబద్ధత ఉంది. అటువంటి గుర్తింపు లేని చోట్ల పెళ్లిని ముందుగా ప్రభుత్వ కార్యాలయంలో నమోదు చేయించుకుని, వేడుకను విడిగా జరుపుకోవాలి.

యౌవనంలో అడుగుపెట్టే పిల్లలకు కూడా ఒక వేడుక ఉండాలి. నార్వేలో 1951లో తొలి పౌర దీక్షా వేడుక జరిగింది, 1956లో ఏర్పడిన మానవవాద సంఘం దాన్ని దేశమంతటా విస్తరించింది. పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు నీతి, మానవ హక్కులు, స్వతంత్రంగా ఆలోచించడం వంటి విషయాలపై తరగతులకు హాజరై, చివర ఒక సభలో అందరి ఎదుటా అభినందనలు అందుకుంటారు.

మరణం విషయంలో ముందుచూపు మరింత అవసరం. చనిపోయాక కుటుంబంలో నిర్ణయాలు చేసేది తరచుగా నమ్మకమున్న బంధువులే కాబట్టి, తన అంతిమ వీడ్కోలు ఎలా జరగాలో, దేహదానం చేయదలచుకున్నారో లేదో ప్రతి సభ్యుడూ బతికుండగానే రాసి సంతకం చేసి, ఒక ప్రతిని ఇంటివారికి, ఒక ప్రతిని కూడలికి ఇవ్వాలి. వీడ్కోలు సభకు ఒక చిన్న క్రమం చాలు: మౌనం, జీవిత కథ, ముగ్గురి జ్ఞాపకాలు, ఇష్టమైన పాట, అందరూ ఒక్కొక్క పువ్వు ఉంచడం. బంధువులు తమ ఇంట్లో తమ పద్ధతిలో కర్మలు చేసుకుంటామంటే వాదించకండి. పదో రోజున, నెల తిరిగాక, ఏడాది నిండాక ఆ ఇంటికి ఎవరు వెళ్లాలో మాత్రం పేర్లతో సహా రాసుకోండి. మొదటి వారంలో అందరూ వస్తారు. దుఃఖం ముదిరేది ఆ తర్వాతే.

ఎనిమిదవ మెట్టు: ఆదుకునే ఏర్పాటు

సహాయం మంచితనం మీద ఆధారపడకూడదు, పట్టిక మీద ఆధారపడాలి. ముగ్గురు సభ్యుల సంరక్షణ బృందాన్ని ఏర్పరచి, ప్రతి పదిమంది సభ్యులకు ఒకరిని ఫోన్ బాధ్యులుగా పెట్టండి. వరుసగా రెండు వారాలు రానివారికి మూడో వారం లోపు ఫోన్ వెళ్లాలి, "ఎందుకు రాలేదు" అని కాకుండా "ఎలా ఉన్నారు" అని. ప్రసవమో శస్త్రచికిత్సో జరిగిన ఇంటికి రెండు వారాలపాటు భోజనం ఎవరు ఏ పూట తీసుకువెళ్లాలో రాసిపెట్టండి. విన్న విషయాన్ని బయటపెట్టడం ఈ బృందంలో క్షమించరాని తప్పు. మానసిక వ్యాధులు, గృహహింస, అప్పుల ఊబి వంటివి మీ శక్తికి మించినవని గుర్తించి, తగిన వైద్యుల, న్యాయవాదుల, ప్రభుత్వ సేవల ఫోన్ నంబర్లు దగ్గర ఉంచుకోండి.

తొమ్మిదవ మెట్టు: డబ్బు, అధికారం

తలుపు దగ్గర ఎప్పుడూ డబ్బు అడగవద్దు. నెలవారీ చందాను ఎవరి శక్తి కొద్దీ వారు నిర్ణయించుకుని, ఎవరెంత ఇచ్చారో కోశాధికారికి తప్ప ఇతరులకు తెలియకుండా ఉంచండి. బ్యాంకు ఖాతా సంఘం పేరు మీద, ఇద్దరి సంతకాలతో నడవాలి. నెలవారీ జమాఖర్చులను గోడ మీద అంటించండి. ఆరు నెలల అద్దెకు సరిపడే నిల్వ చేరేదాకా కొత్త ఖర్చులేవీ తలపెట్టకండి. ఒకే దాత నుంచి ఏడాది ఆదాయంలో నాలుగో వంతుకు మించి తీసుకుంటే ఆ దాత మాటే నిబంధనావళి అవుతుంది.

సంఘాన్ని మీ దేశపు చట్టం ప్రకారం లాభాపేక్ష లేని సంస్థగా నమోదు చేయించండి. కార్యవర్గ సభ్యులు వరుసగా రెండు పదవీకాలాలకు మించి ఉండకూడదని నిబంధనలో రాయండి. స్థాపకులకు ఇది కష్టంగా ఉంటుంది, కానీ స్థాపకుడి గొంతు తప్ప మరో గొంతు వినబడని కూడలి ఆయనతోనే ముగుస్తుంది. ఫిర్యాదులు వినడానికి కార్యవర్గంలో లేని ఇద్దరు ఉండాలి. ఎన్నికల ప్రచారానికి, వ్యాపార ప్రచారానికి చోటివ్వకూడదు. వ్యక్తులుగా సభ్యులు ఏ పార్టీలోనైనా ఉండవచ్చు.

పదవ మెట్టు: ఏడాది తర్వాత

2013 జనవరిలో శాండర్సన్ జోన్స్, పిప్పా ఎవన్స్ అనే ఇద్దరు హాస్య కళాకారులు లండన్‌లో "సండే అసెంబ్లీ" అనే దైవప్రస్తావన లేని ఆదివారపు సభను ప్రారంభించినప్పుడు, పాటలు, ప్రసంగం, మౌనం, టీ కలిసిన ఆ రూపం ఎంతో వేగంగా అనేక దేశాల నగరాలకు పాకింది. తర్వాతి ఏళ్లలో చాలా శాఖలు మూతపడ్డాయి. జనాన్ని ఒకసారి రప్పించడం కంటే, వారం వారం తాళం తీసే నలుగురు అలసిపోకుండా చూడటం ఎంతో కష్టమైన పని అని నేను దాన్నుంచి నేర్చుకున్నాను. అందుకే ఏడాది సమీక్షలో హాజరు పట్టికను చివరగా చూడండి. ముందుగా, కిందటి ఏడాది పనులు చేసినవారిలో ఎంతమంది విశ్రాంతి తీసుకోగలిగారో చూడండి. ఏ ఇద్దరు సభ్యులు కూడలి లేని రోజున కూడా కలుసుకుంటున్నారో అడగండి. కష్టంలో ఉన్న ఎవరికి ఎవరు ఏం చేశారో గుర్తుచేసుకోండి. రావడం మానేసినవారిలో అయిదుగురిని వెతికి పట్టుకుని, కారణం అడిగి, సమర్థించుకోకుండా రాసుకోండి.

సంఖ్య 80 దాటుతున్నప్పుడు, తలుపు దగ్గర నిలబడినవారికి పేర్లు తడుముకోవలసి వస్తున్నప్పుడు, పెద్ద హాలు వెతకకండి. దూరం నుంచి వచ్చేవారు ఎక్కువగా ఉన్న వైపున రెండో కూడలిని మొదలుపెట్టండి. వేరుపడే రోజున నిధిలో వారి వాటాను, కుర్చీల్లో కొన్నింటిని, పాటల కాగితాలను, తలుపు దగ్గర నిలబడి పేరు పెట్టి పలకరించడం బాగా వచ్చిన ఇద్దరిని వారి వెంట పంపండి.